ఐర్లండ్ చరిత్ర, సంస్కృతి: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డబ్లిన్ వచ్చి పదకొండేళ్లయింది. కొత్తగా ఉద్యోగానికో చదువుకో వచ్చినవాళ్లు, ఊరి నుంచి ఫోన్ చేసే చుట్టాలు, ఇక్కడి బడుల్లో పిల్లల్ని వేసిన తల్లిదండ్రులు ఇన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటి దగ్గర కాసేపు కూర్చోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? రాజులు, యుద్ధాలు, తేదీలు అన్నీ వరసగా చదవాలా?

వద్దు. పేర్లతో మొదలుపెట్టండి. మీరుండే పేట పేరు, ఎక్కే బస్సు మీద రాసిన ఊరి పేరు, ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే మనిషి పేరు. ఇక్కడ రోడ్డు బోర్డుల మీద ఊరి పేరు రెండుసార్లు ఉంటుంది. పైన వాలు అక్షరాల్లో ఐరిష్, కింద పెద్దక్షరాల్లో ఇంగ్లీషు. పైన ఉన్నది అనువాదమని కొత్తవాళ్లు అనుకుంటారు. చాలా ఊళ్ల విషయంలో పైదే అసలు పేరు. కింద ఉన్నది దాన్ని ఇంగ్లీషువాళ్లు చెవికి వినిపించినట్టు రాసుకున్న రూపం.

'బాలీ' అని మొదలయ్యే ఊళ్లు వందల్లో కనిపిస్తాయి. అది 'బాల్య', అంటే ఊరు. మన పల్లె, పాలెం లాంటిది. 'కిల్' అంటే ఎక్కువగా చర్చి, 'డన్' అంటే కోట, 'నాక్' అంటే గుట్ట. కిల్‌కెన్నీ అంటే కానిస్ అనే సాధువు చర్చి. డబ్లిన్ అన్న పేరు 'దువ్ లిన్' నుంచి వచ్చింది, అంటే నల్ల మడుగు. ఇప్పుడు డబ్లిన్ కోట వెనక తోట ఉన్నచోట ఒకప్పుడు ఆ మడుగు ఉండేది. ఐరిష్‌లో మాత్రం ఈ నగరాన్ని 'బాల్య ఆహా క్లియా' అంటారు. తడికలు పరిచి ఏరు దాటే రేవు దగ్గరి ఊరు అని అర్థం.

1824 నుంచి బ్రిటిష్ సైన్యం సర్వేయర్లు ఈ దీవి మొత్తాన్ని కొలిచి పటాలు గీశారు. భూమి పన్ను సరిగ్గా వేయడానికి పెట్టిన పని అది. అప్పుడే ఊళ్ల పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో స్థిరపడ్డాయి. ఆ సర్వేలో పనిచేసిన జాన్ ఒడోనొవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి, ముసలివాళ్లను అడిగి అసలు పేర్లు రాసిపెట్టుకున్నాడు. ఆ శ్రమ లేకపోతే ఎన్నో పేర్లకు ఈ రోజు అర్థం తెలిసేది కాదు. 'లోగనిమ్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు కొట్టి చూడండి. ఉచితం.

ఐర్లండ్ ఇంగ్లండ్‌లో భాగం కాదా?

కాదు. ఈ ఒక్క పొరపాటు మాత్రం చెయ్యకండి, ఇక్కడివాళ్లకు నిజంగా మనసుకు తగులుతుంది. దీవిలో 32 కౌంటీలు. 26 కౌంటీలది స్వతంత్ర దేశం, రాజధాని డబ్లిన్, కరెన్సీ యూరో. ఈశాన్యాన ఉన్న 6 కౌంటీలు ఉత్తర ఐర్లండ్. అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంది, రాజధాని బెల్‌ఫాస్ట్, కరెన్సీ పౌండు. మధ్యలో చెక్‌పోస్టు ఉండదు. కానీ మనకు వీసా నియమాలు వేరు, బస్సు ఎక్కేముందు ఆ సంగతి చూసుకోండి. బ్రిటన్‌ను 'మెయిన్‌లాండ్' అనడం కూడా మానుకుంటే మంచిది.

ఈ మనుషుల పేర్లు ఎలా పలకాలి? స్పెల్లింగ్ చూస్తే టెన్షన్ వస్తోంది.

అక్షరాలు రోమన్ లిపివే గానీ వాటి లెక్క ఇంగ్లీషు లెక్క కాదు. ఐరిష్‌కు తనదైన పద్ధతి ఉంది, పైగా అది ఇంగ్లీషు కన్నా కుదురుగా ఉంటుంది. ఎక్కువగా వినిపించేవి ఇవి: షివాన్, నీవ్, కీవా, సీర్షా, ఈఫా, ఓయిషీన్. ప్రధానమంత్రి 'టీషక్'. డబ్లిన్ పక్కనున్న రేవు పట్నం 'డన్ లీరీ'. తెలియకపోతే మనిషినే అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టుకోరు, తమ పేరు సరిగ్గా పలకాలన్న పట్టుదల చూసి సంతోషిస్తారు. మన పేర్లు కూడా వాళ్లు అలాగే అడుగుతారు.

ఇంటిపేర్ల ముందు వచ్చే 'ఓ' అంటే మనవడు, వంశంవాడు. 'మాక్' అంటే కొడుకు. ఓబ్రయన్ అంటే బ్రయన్ వంశం. ఐరిష్‌లో రాసేటప్పుడు ఆడపిల్ల ఇంటిపేరు ముందు 'ఓ' బదులు 'నీ' వస్తుంది.

ఐరిష్ అంటే ఇంగ్లీషులో ఒక యాసేనా?

కాదు, అది వేరే భాష. స్కాట్లండ్ గేలిక్‌కు అక్క లాంటిది. ఇక్కడ నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగు వచ్చినవాళ్లకు ఈ భాష అనుకున్నంత దూరం కాదు.

'నాకు ఆకలిగా ఉంది' అంటాం మనం. నేను ఆకలిని కాదు, ఆకలి నాకు ఉంది. ఐరిష్‌లో 'టా ఒక్రస్ ఓరమ్' అంటారు. మాటకు మాట పెడితే 'ఆకలి నా మీద ఉంది'. బాధా, సంతోషమూ, జలుబూ అన్నీ మనిషి మీదికి వచ్చి కూర్చుంటాయి. క్షమించమని చెప్పడానికి 'టా బ్రోన్ ఓరమ్' అంటారు, నా మీద దుఃఖం ఉంది అని.

ఆ భాషలో అవును, కాదు అనడానికి విడిగా మాటలు లేవు. 'తిన్నావా?' అంటే 'తిన్నాను' అనో 'తినలేదు' అనో క్రియతోనే చెప్పాలి. మన ఇళ్లలో జరిగేదీ అదే కదా. భాష మారినా ఆ అలవాటు పోలేదు. 'వస్తున్నావా?' అని ఇంగ్లీషులో అడిగినా ఐరిష్ మనిషి ఉత్తి 'యెస్' అనడు, 'ఐ యామ్' అంటాడు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది హల్లుల మార్పు. చిన్నప్పుడు గసడదవాదేశ సంధి బట్టీ పట్టాం గుర్తుందా? కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. క గ అవుతుంది, త ద అవుతుంది, ప వ అవుతుంది. ఐరిష్‌లో గుర్రం 'కపల్'. ముందు 'మా' అనే అర్థమిచ్చే 'ఆర్' చేరితే 'ఆర్ గపల్'. నేల 'తలవ్', మా నేల 'ఆర్ దలవ్'. పిల్ల 'పాష్టె', మా పిల్ల 'ఆర్ బాష్టె'. దీన్ని వాళ్లు 'ఉరూ' అంటారు. రాసేటప్పుడు కొత్త అక్షరం ముందు పెట్టి పాత అక్షరాన్నీ పక్కనే ఉంచేస్తారు, అసలు మాట ఏదో తెలియడానికి. స్పెల్లింగులు భయంకరంగా కనిపించడానికి ఒక కారణం ఇదే. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఎవరి దారిన వాళ్లు అక్కడికి చేరారు. కానీ మా పాప ఐరిష్ హోంవర్క్ ముందేసుకుని ఏడుస్తుంటే, కూరగాయలు చూపించి చెప్పాక తనకు అర్థమైంది.

ఇప్పుడు ఆ భాష ఎవరైనా మాట్లాడతారా?

రాజ్యాంగం ప్రకారం అదే మొదటి అధికార భాష. 2022 జనగణనలో దాదాపు 18.7 లక్షల మంది తమకు ఐరిష్ వచ్చని చెప్పారు. అయితే బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు సుమారు 72 వేల మందే. గాల్వే, డొనెగల్, కెర్రీ కౌంటీల పడమటి తీరాల్లో ఇంకొన్ని చోట్ల అది ఇంటి భాషగా మిగిలింది. ఆ ప్రాంతాల్ని 'గేల్‌టక్ట్' అంటారు. వేసవి సెలవుల్లో పట్నాల పిల్లలు అక్కడి ఇళ్లలో ఉండి భాష నేర్చుకుంటారు. మీ పిల్లలకు అవకాశం వస్తే తప్పకుండా పంపండి.

ఇక్కడి బడుల్లో ఐరిష్ తప్పనిసరి. పన్నెండేళ్లు నిండాక బయటి దేశం నుంచి వచ్చి చేరిన పిల్లలకు మినహాయింపు అడగొచ్చు. చిన్నపిల్లలైతే అడగకండి. వాళ్లకు అది భారం కాదు, ఈ దేశం లోపలికి తలుపు.

పాత చరిత్రలో తప్పకుండా తెలియాల్సినవి?

మీత్ కౌంటీలో బోయిన్ నది ఒడ్డున న్యూగ్రేంజ్ ఉంది. క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో కట్టిన రాతి సమాధి. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతది. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి. కొన్నిచోట్ల ఒంగి, పక్కకు తిరిగి నడవాలి, రాళ్లు భుజాలకు రాసుకుంటాయి. లోపల గదిలో పదిమందికి పైగా నిలబడ్డాక గైడ్ లైట్లు ఆర్పేస్తారు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. అప్పుడు ద్వారం పైనున్న చిన్న కిటికీ లాంటి సందులోంచి పసుపు రంగు వెలుగు గీత ఒకటి నేల మీద పాకుతూ వస్తుంది. అది గైడ్ వేసిన దీపమే. అసలైన వెలుగు ఏడాదిలో డిసెంబర్ 21కి అటూ ఇటూ కొద్ది రోజులు, పొద్దు పొడిచే వేళ 17 నిమిషాలు మాత్రమే. ఆకాశం మబ్బు పట్టకపోతేనే. ఆ పొద్దున లోపల ఉండడానికి లాటరీ తీస్తారు. అక్కడ తవ్వకాలు జరిపిన ప్రొఫెసర్ ఓకెల్లీ 1967 డిసెంబర్‌లో ఒక్కడే లోపల నిలబడి ఈ వెలుగును చూశాడు. పై సందు ఎందుకు పెట్టారో అప్పుడు తేలింది.

ఆ తర్వాతి కాలాన్ని కాస్త వేగంగా దాటుదాం. ఐదో శతాబ్దంలో ప్యాట్రిక్ క్రైస్తవాన్ని బోధించాడు. మఠాల్లో సన్యాసులు దూడ తోళ్ల మీద గ్రంథాలు రాశారు, క్రీ.శ. 800 ప్రాంతపు బుక్ ఆఫ్ కెల్స్ డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. 795లో వైకింగులు దాడులకు వచ్చారు, 841లో డబ్లిన్‌లో స్థావరం పెట్టుకున్నారు. 1169లో నార్మన్లు దిగారు, వాళ్ల వెనకే ఇంగ్లండ్ రాజు వచ్చాడు. 1609 నుంచి ఉత్తరాన అల్‌స్టర్‌లో స్థానికుల భూములు లాక్కుని స్కాట్లండ్, ఇంగ్లండ్ నుంచి తెచ్చిన ప్రొటెస్టెంట్లకు పంచారు. ఈనాటి ఉత్తర ఐర్లండ్ గొడవ వేరు అక్కడుంది. 1649లో ఇంగ్లండ్ సేనాని క్రామ్వెల్ దండయాత్ర, 1690లో కాథలిక్ రాజు ఓడిపోయిన బోయిన్ యుద్ధం, ఆపైన కాథలిక్కుల ఆస్తికీ చదువుకూ అడ్డుపడిన చట్టాలు. 1801లో ఐర్లండ్ సొంత పార్లమెంటు రద్దయి లండన్‌లో కలిసిపోయింది.

బంగాళదుంప తెగులుకే అంతమంది ఎలా చనిపోయారు?

ఈ ప్రశ్న అడగని తెలుగువాళ్లు లేరు. వేరే ఏదైనా తినొచ్చు కదా అంటారు.

1841 జనగణనలో ఐర్లండ్ జనాభా 81 లక్షల పైమాట. భూమంతా భూస్వాములది, వాళ్లలో చాలామంది ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లు. కౌలు రైతు తన చెక్కలో గోధుమో ఓట్సో పండించి, పంది ఒకదాన్ని పెంచి, అవన్నీ అమ్మి కౌలు కట్టేవాడు. తినడానికి మిగిలేది ఓ మూల వేసుకున్న బంగాళదుంప. కొద్ది నేలలో ఇంటిల్లిపాదికీ సరిపడా పండే పంట అదొక్కటే. కష్టం చేసే మగమనిషి రోజుకు ఐదారు కిలోలు తినేవాడంటే, అది కూర కాదు, అన్నం అన్నమాట. 'లంపర్' అనే ఒకే రకాన్ని ఎక్కువగా వేశారు. 1845లో తెగులు వచ్చినప్పుడు రాత్రికి రాత్రే ఆకులు నల్లబడి, నేలలో దుంపలు కుళ్లి కంపు కొట్టాయి. 1846లో పంట దాదాపు మొత్తం పోయింది.

ఓట్సు, వెన్న, పశువులు మాత్రం ఓడల్లో ఇంగ్లండ్‌కు వెళుతూనే ఉన్నాయి. అమెరికా నుంచి మొక్కజొన్న కూడా వచ్చింది, కానీ కొనడానికి పేదవాడి దగ్గర డబ్బేది? ప్రభుత్వం రోడ్డు పనులు పెట్టి కూలి ఇచ్చింది. ఆకలితో ఉన్నవాళ్ల చేత చలికాలంలో రాళ్లు కొట్టించారు. 1847 వేసవిలో గంజి కేంద్రాలు పెట్టి రోజుకు 30 లక్షల మంది దాకా తిండి పెట్టారు. తలచుకుంటే చేయగలరని అక్కడే రుజువైంది. కొద్ది నెలలకే వాటిని మూసేశారు. అదే ఏడాది ఒక నిబంధన వచ్చింది: పావు ఎకరం కన్నా ఎక్కువ నేల చేతిలో ఉన్నవాడికి సాయం అందదు. పిల్లలకు గంజి కావాలంటే నేల వదులుకోవాలి. వదులుకుంటే వచ్చే ఏడు ఏం తినాలి?

దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు మించి ఓడలెక్కి అమెరికాకూ కెనడాకూ ఇంగ్లండ్‌కూ వెళ్లిపోయారు. అందరికన్నా ఎక్కువ నష్టపోయింది పడమటి తీరం, అంటే ఐరిష్ మాట్లాడే పేదలు. భాష విరిగిపోయింది కూడా ఆ దెబ్బకే. బతికినవాళ్లు, వలస పోయేటప్పుడు పనికొస్తుందని పిల్లలకు ఇంగ్లీషే నేర్పారు. ఈ దీవి జనాభా ఈనాటికీ 1841 నాటి సంఖ్యను అందుకోలేదు. ఐరిష్‌లో దీన్ని 'అన్ గోర్త మోర్' అంటారు, మహా ఆకలి. 'కరువు' అనే మాటను కూడా ఇష్టపడనివాళ్లున్నారు, తిండి ఉండీ ఆకలి చావులు జరిగాయి కాబట్టి.

మనకు ఇక్కడొక సంబంధం ఉంది. ఆ సహాయ పనుల్ని లండన్ ఖజానా నుంచి నడిపిన అధికారి ఛార్లెస్ ట్రెవెల్యన్. మార్కెట్‌లో ప్రభుత్వం వేలు పెట్టకూడదని గట్టిగా నమ్మినవాడు. ఆయనే 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు, అప్పట్లో మన కోస్తా, రాయలసీమ ఆ మద్రాసు కిందే. ఆ తర్వాత 1876లో మన ధాత కరువు వచ్చినప్పుడు కూడా ధాన్యం రేవులు దాటి ఎగుమతి అయింది. మా నాయనమ్మ ధాత కరువు కథలు తన అత్తగారి నోట విన్నవి చెప్పేది. రోస్‌కామన్ కౌంటీ స్ట్రోక్స్‌టౌన్‌లోని కరువు మ్యూజియంలో తిరుగుతున్నంతసేపూ ఆవిడ గొంతే వినపడింది నాకు.

'బాయ్‌కాట్' అనే మాట ఇక్కడిదేనట, నిజమా?

నిజం. అది ఒక మనిషి ఇంటిపేరు. మేయో కౌంటీలో ఒక ప్రభువు భూములకు ఏజెంటుగా ఉన్న కెప్టెన్ ఛార్లెస్ బాయ్‌కాట్ 1880లో రైతులు అడిగినంత కౌలు తగ్గించనన్నాడు, రైతుల్ని ఖాళీ చేయించడానికి నోటీసులు పంపాడు. ఊరు ఊరంతా ఆయన్ని వెలి వేసింది. పనివాళ్లు మానేశారు, కొట్లో సరుకు అమ్మలేదు, టపా కూడా అందలేదు. ఒక్క దెబ్బా కొట్టలేదు. పంట కోయడానికి ఉత్తరం నుంచి యాభై మంది వస్తే, వాళ్ల కాపలాకు వందలాది సైనికుల్ని దింపాల్సి వచ్చింది. కాపలా ఖర్చు పంట విలువకు ఎన్నో రెట్లయింది. ఆ ఏడాది చివరికల్లా ఆయన కుటుంబంతో సహా దేశం వదిలిపోయాడు. పాతికేళ్ల తర్వాత వందేమాతరం ఉద్యమంలో విదేశీ బట్టల్ని బహిష్కరించినప్పుడు మనవాళ్లూ ఆ మాటే వాడారు. ఇప్పుడది తెలుగు మాటే అయిపోయింది.

1916 అంటే అందరూ అంత ఉద్వేగపడతారెందుకు?

ఆ ఏడాది ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం, వెయ్యికి పైచిలుకు మంది డబ్లిన్‌లో ముఖ్యమైన భవనాల్ని పట్టుకున్నారు. జనరల్ పోస్టాఫీసు బయట ప్యాట్రిక్ పియర్స్ స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. ఆ కాగితం అసలు ప్రతి దగ్గరికెళ్లి చూడండి. రహస్యంగా, పాత యంత్రం మీద, చాలీచాలని అచ్చు అక్షరాలతో కొట్టారు. టైపు చాలక పై సగం ఒకసారి, కింది సగం ఇంకోసారి అచ్చు వేశారు. కొన్ని అక్షరాలు వేరే సైజువి, పక్కవాటితో కలవవు. పొరపాటు అనుకోకుండా చూస్తే ఆ రాత్రి వాళ్ల తొందర చేతికి తగులుతుంది. అందులో మొదటి పిలుపు 'ఐరిష్ పురుషులారా, ఐరిష్ స్త్రీలారా' అని. 1916లో ఆడవాళ్లను పేరుపెట్టి పిలిచిన ప్రకటన అది.

తిరుగుబాటు ఆరు రోజుల్లో అణిగిపోయింది. మొదట్లో డబ్లిన్ జనంలో చాలామంది విసుక్కున్నారు కూడా. కానీ మే నెలలో నాయకుల్ని ఒక్కొక్కర్నీ కాల్చి చంపుతూ పోయేసరికి జనం మనసు తిరిగింది. గాయాలతో నిలబడలేని జేమ్స్ కొనొలీని కుర్చీకి కట్టి కాల్చారు. ఆ చోటు కిల్‌మెయినమ్ జైలు పెరట్లో ఉంది, చిన్న నల్ల శిలువ గుర్తుగా. ముందుగా టికెట్ బుక్ చేసుకుని వెళ్లండి, అప్పటికప్పుడు దొరకదు.

ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఒక తెలుగు కుర్రాడు ఉన్నాడు. బరంపురం నుంచి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వచ్చిన వరాహగిరి వెంకటగిరి. ఐరిష్ కార్మిక ఉద్యమాన్ని కళ్లారా చూశాడు. 1916లోనే ఇక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. వెళ్లి రైల్వే కార్మికుల్ని కూడగట్టాడు. 1969లో రాష్ట్రపతి అయ్యాడు.

మరి దేశం రెండు ముక్కలెలా అయింది?

1919 నుంచి 1921 దాకా బ్రిటిష్ బలగాలతో గెరిల్లా యుద్ధం, 1921 డిసెంబర్ 6న బ్రిటన్‌తో ఒప్పందం. ఉత్తరాన ఆరు కౌంటీలు అప్పటికే విడిపోయాయి. ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్లకూ ఒప్పుకోనివాళ్లకూ మధ్య 1922, 23ల్లో అంతర్యుద్ధం జరిగింది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరోవైపు. ఒప్పందం చేసొచ్చిన మైకేల్ కాలిన్స్‌ను తన సొంత కౌంటీ కార్క్‌లోనే కాల్చి చంపారు. పెద్దవాళ్లు దాని గురించి ఎక్కువగా మాట్లాడరు. మీరు ఒత్తిడి చేయకండి.

ఉత్తరంలో 1960ల చివర మొదలైన హింసలో 3,500 మందికి పైగా పోయారు. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందంతో అది చాలావరకు ఆగింది. ఆ ఒప్పందం ప్రకారం అక్కడ పుట్టినవాళ్లు ఐరిష్, బ్రిటిష్, లేదా రెండూ అని తామే చెప్పుకోవచ్చు. అక్కడ కూడా పేరే అసలు సంగతి. ఒకే ఊరిని కొందరు డెర్రీ అంటారు, కొందరు లండన్‌డెర్రీ అంటారు. ఎదుటివాళ్లు ఏ పేరంటే మీరూ అదే అనండి.

భారతదేశంతో వీళ్లకు నిజంగా సంబంధం ఉందా, లేక మనం ఊహించుకుంటున్నామా?

ఉంది, రెండు వైపులా ఉంది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల ఆలోచన 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం నుంచి తీసుకున్నది. 1920లో జలంధర్‌లోనూ సోలన్‌లోనూ కన్నాట్ రేంజర్స్ దళంలోని ఐరిష్ సైనికులు తమ దేశంలో బ్రిటిష్ దౌర్జన్యానికి నిరసనగా ఆయుధాలు పక్కన పెట్టారు. వాళ్లలో జేమ్స్ డేలీని కాల్చి చంపారు. జలియన్‌వాలా బాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ కూడా ఐరిష్‌వాడే, టిప్పరరీ మనిషి. సామ్రాజ్యానికి ఎదురు తిరిగిన ఐరిష్‌వాళ్లే కాదు, దానికి కొమ్ముకాసినవాళ్లూ ఉన్నారు. రెండూ చెప్పుకోవాలి.

మనకు దగ్గరి కథ మదనపల్లెది. రోస్‌కామన్ కౌంటీలో పుట్టిన మార్గరెట్ కజిన్స్ ఇక్కడ స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకెళ్లింది. భర్త జేమ్స్ బెల్‌ఫాస్ట్ కవి. ఇద్దరూ 1915లో ఇండియా వెళ్లారు. జేమ్స్ మదనపల్లె బీసెంట్ కాలేజీకి ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికొచ్చి ఉన్నప్పుడే జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశారు. దాని స్వరాల్ని కాగితం మీద పెట్టింది మార్గరెట్. తర్వాత వేలూరు జైల్లో కూడా ఉంది ఆవిడ. చిత్తూరువైపు వాళ్లెవరైనా డబ్లిన్ వస్తే నేను మొదట చెప్పేది ఈ కథే.

పండుగలు ఏవి? సెయింట్ ప్యాట్రిక్ డే ఒక్కటేనా?

మార్చి 17 ఊరేగింపులు చూడండి, బాగుంటాయి. కానీ పాత లెక్కలో ఏడాదికి నాలుగు మలుపులు: ఫిబ్రవరి 1, మే 1, ఆగస్టు 1, నవంబర్ 1. ఫిబ్రవరిది బ్రిజిడ్ పండుగ, 2023 నుంచి ప్రభుత్వ సెలవు కూడా. తుంగతో నాలుగు చేతుల శిలువ అల్లి గుమ్మం మీద కడతారు, మన మామిడి తోరణంలా ఇంటికి రక్ష. నవంబర్ ముందురాత్రి 'సావిన్', ప్రపంచమంతా హాలోవీన్‌గా చేసుకునేది ఇదే. ఆ రాత్రి చనిపోయినవాళ్లు ఇంటికొస్తారని పొయ్యి దగ్గర చోటు వదిలేవాళ్లు. పెత్రమాస నాడు పెద్దల్ని తలుచుకునే ఇళ్లవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. అక్టోబర్‌లో కొట్లలో 'బార్మ్‌బ్రాక్' అనే ఎండుద్రాక్ష రొట్టె అమ్ముతారు. లోపల ఒక ఉంగరం ఉంటుంది, ఎవరి ముక్కలో వస్తే వాళ్ల పెళ్లి ఆ ఏడాదే అంటారు. పిల్లలకు చెప్పి జాగ్రత్తగా నమలమనండి.

చర్చి ప్రభావం ఇంకా ఉందా?

ఒకప్పుడున్నంత లేదు. ఇక్కడ విడాకుల మీద ఉన్న నిషేధం 1995లో ప్రజలు ఓటేశాకే పోయింది. పెళ్లికాని తల్లులనూ దిక్కులేని ఆడవాళ్లనూ పెట్టి జీతం లేకుండా బట్టలు ఉతికించిన మాగ్డలీన్ లాండ్రీల్లో చివరిది 1996లో మూతపడింది. 2013లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2012లో గాల్వేలో గర్భస్రావం అవుతున్న భారతీయ దంతవైద్యురాలికి అబార్షన్ నిరాకరించారు. ఆమె చనిపోయింది. ఆ చావు దేశాన్ని కదిలించింది. 2018లో ప్రజలు ఓటేసి, అబార్షన్ నిషేధం పోయేలా రాజ్యాంగం మార్చారు. గోడల మీద ఆమె బొమ్మ చూసి ఏడ్చిన ఐరిష్ తల్లుల్ని నేను చూశాను.

సంగీతం వినడానికి పబ్‌కే వెళ్లాలా? మేం తాగం.

తాగక్కర్లేదు. టీ అడిగినా ఇస్తారు. వాయించేవాళ్లు స్టేజీ ఎక్కరు, ఒక మూల బల్ల చుట్టూ కూర్చుంటారు. ఫిడేలు, ఫ్లూట్, మోచేతితో గాలి కొట్టే ఇలన్ పైపులు, 'బౌరాన్' అనే మేకతోలు డప్పు. దాన్ని 'సెషన్' అంటారు. ఆ బల్ల దగ్గరి ఖాళీ కుర్చీల్లో కూర్చోకండి, అవి వచ్చే కళాకారులవి. ఎవరైనా వాద్యాలు లేకుండా ఐరిష్‌లో పాట ఎత్తుకుంటే, అది 'షాన్ నోస్', పాత పద్ధతి. అప్పుడు గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా రాకూడదు. పక్కవాళ్లు పాడేవాళ్ల చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పుతుంటారు ఒక్కోసారి. పాట నడుస్తున్నంతసేపూ.

హర్లింగ్ చూడమంటున్నారు. అర్థమవుతుందా?

పది నిమిషాల్లో అవుతుంది. జట్టుకు 15 మంది, చేతిలో 'యాష్' అనే చెట్టు కర్ర. బంతి వలలో పడితే గోల్, 3 పాయింట్లు. అడ్డకర్ర మీదుగా పోతే 1 పాయింటు. స్కోరు 2-15 అంటే రెండు గోల్స్, పదిహేను పాయింట్లు, మొత్తం 21. ఆడేవాళ్లకు జీతం లేదు. 80 వేల మంది ముందు ఫైనల్ ఆడిన టీచరు సెలవులయ్యాక మళ్లీ బడికొచ్చి పాఠం చెబుతాడు. 1920 నవంబర్ 21న డబ్లిన్ క్రోక్ పార్క్ స్టేడియంలో గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మందిని చంపాయి. పోయినవాళ్లలో మైకేల్ హోగన్ అనే ఆటగాడు ఉన్నాడు. స్టేడియంలో ఒక స్టాండుకు ఆయన పేరే.

ఖర్చు లేకుండా ఎక్కడికి వెళ్లొచ్చు?

కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం ఉచితం. బంగారు నగలతో పాటు, పీట్ అనే బురద నేలలో రెండు వేల ఏళ్లకు పైగా చెడకుండా ఉన్న మనుషుల దేహాలు అక్కడున్నాయి. ఒకతని చేతి గోళ్లు ఇంకా కనిపిస్తాయి. చెస్టర్ బీటీ లైబ్రరీ కూడా ఉచితమే, మన మొఘల్ చిత్రాలు ఉన్నాయి.

ఇండియాలో ఉండి, ఇంటి నుంచే చూడాలంటే?

'డూఖస్' వెబ్‌సైట్ తెరవండి. 1937, 39 మధ్య దాదాపు 5,000 బడుల పిల్లలు తమ తాతల్నీ అవ్వల్నీ అడిగి కథలు, నాటు వైద్యాలు, కరువు జ్ఞాపకాలు నోటుపుస్తకాల్లో రాశారు. ఆ చేతిరాతలు అక్కడున్నాయి.

తర్వాత 1911 జనగణన. 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు పేలి కాలిపోయినప్పుడు పాత కాగితాలు ఎన్నో బూడిదయ్యాయి. దీవి మొత్తానికీ మిగిలిన పాత జనగణనలు 1901, 1911వి మాత్రమే. నేషనల్ ఆర్కైవ్స్ వాటిని ఉచితంగా పెట్టింది. గాల్వే కౌంటీ ఎంచుకుని, సముద్రం పక్కన ఏదో ఒక ఊరు తీసి, ఏదో ఒక ఇంటి ఫారం నొక్కండి. ఇంటి పెద్ద చేతిరాత కనిపిస్తుంది, లేదా రాయడం రాక పెట్టిన గుర్తు. పెళ్లయిన ఆడమనిషి వరసలో రెండు గడులు ఉంటాయి: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఆపైన కుడివైపు 'ఐరిష్ భాష' అనే గడికి వెళ్లండి. అవ్వ ఎదురుగా 'ఐరిష్' అని ఉంటుంది. కొడుకూ కోడలి ఎదురుగా 'ఐరిష్, ఇంగ్లీషు'. ఆ కింద పిల్లల పేర్లుంటాయి. ఎన్నో ఇళ్లలో వాళ్ల గడి ఖాళీ.